హెవీవెయిట్ జూడోలో బరువు ఎంతవరకు పనికొస్తుంది? టెడ్డీ రీనర్ కెరీర్ చూసి చెబుతున్నా

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి, "వంద కిలోల పైన ఎంత బరువైనా ఉండొచ్చు అన్నప్పుడు, రెండు మీటర్లు దాటిన ఫ్రెంచ్ ఆటగాడు టెడ్డీ రీనర్ గెలవడంలో వింతేముంది?" అని. రెండోదే అసలు సంగతి. మీ తమ్ముడికి పదిహేడేళ్ళు, 118 కిలోలు. "ఇంకో ఇరవై కిలోలు పెంచు, నిన్ను ఆపేవాడుండడు" అని కోచ్ అంటున్నాడట, నమ్మొచ్చా అని. మొదటిది తేలితే రెండోది దానంతటదే తేలుతుంది. అందుకని రీనర్‌తోనే మొదలుపెడతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను ప్లస్ హండ్రెడ్‌లోనే, అంటే ఆ వంద కిలోల పై విభాగంలోనే ఆడాను. పెద్ద పతకాలేమీ లేవు, ఎక్కువగా రెండో రౌండులో ఇంటికొచ్చిన బాపతు. మోకాలు పోయాక కోచింగ్‌లోకి వచ్చాను. ఓడిన అనుభవమే ఎక్కువ కాబట్టి, ఎందుకు ఓడతారో మాత్రం బాగా తెలుసు.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. రీనర్ ఎత్తు 2.04 మీటర్లు, బరువు 140 కిలోల అటూ ఇటూ. అంత మనిషికి చేతులు కూడా అంతే పొడుగు. మామూలు హెవీవెయిట్ అవతలివాడి కాలర్ పట్టుకోగలిగే దూరంలో నిలబడి, రీనర్ ఏకంగా వీపు మీది గుడ్డ పట్టుకోగలడు. ఇది లాభం కాదని ఎవరన్నా అంటే వాళ్ళు తతామి (జూడో ఆడే చాప) మీద ఎప్పుడూ నిలబడలేదని అర్థం.

అయితే దాదాపు అంత భారీ మనుషులు ప్రపంచ పోటీల్లో ఇంకా కొందరు కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది పేర్లు మీకు గుర్తుండవు, నాకూ గుర్తులేవు. రెండు నిమిషాలు దాటేసరికి వాళ్ళ నోరు తెరుచుకుంటుంది, భుజాలు జారిపోతాయి. పొట్టివాడు నడుము కిందికి దూరాడంటే ఆ 150 కిలోలూ వాళ్ళ మీదికే తిరుగుతాయి.

చరిత్ర చూసినా సైజు లెక్క పూర్తిగా కుదరదు. జపాన్‌కి చెందిన యసుహిరో యమాషిత ఎత్తు 1.80 మీటర్లే. నాలుగు ప్రపంచ టైటిళ్ళు, 1984 ఒలింపిక్ స్వర్ణం, 1985లో రిటైరయ్యే నాటికి 203 విజయాల పరంపర. మధ్యలో కొన్ని డ్రాలున్నాయి కానీ ఓటమి లేదు. 2004 ఏథెన్స్‌లో ప్లస్ హండ్రెడ్ స్వర్ణం గెలిచిన కెయిజి సుజుకి, మరుసటి ఏడాది వంద కిలోల లోపు విభాగంలో ప్రపంచ చాంపియన్. చెక్ ఆటగాడు లుకాష్ క్రపాలెక్ 2016 రియోలో వంద లోపు స్వర్ణం గెలిచి, ఆ తర్వాత పై విభాగంలోకి వచ్చి టోక్యోలో ప్లస్ హండ్రెడ్ స్వర్ణం కూడా పట్టుకుపోయాడు. అదీ రీనర్ ఆడిన టోర్నీలోనే. వీళ్ళెవరూ రీనర్ అంత కొండలు కారు.

మరి రీనర్ దగ్గర ఉన్నదేమిటి? నా దృష్టిలో మొదటిది పట్టు, రెండోది ఎప్పుడు ఆడకూడదో తెలిసి ఉండటం. మిగతావన్నీ ఈ రెండిటి వెనకే వస్తాయి.

పట్టు అంటే ఏమిటో నాకు ఇరవై రెండేళ్ళప్పుడు తెలిసింది. ఒక ట్రైనింగ్ క్యాంపులో, నాకన్నా ముప్ఫై కిలోలు ఎక్కువ, పదిహేనేళ్ళు పెద్ద అయిన ఒకాయనతో రండోరి (ప్రాక్టీసు కుస్తీ) పడింది. పొట్టతో, నెమ్మదిగా నడిచే మనిషి. ఈయన్ని తిప్పి తిప్పి అలసగొడదాం అనుకున్నాను. ఆయన ముందు ఎడమచేత్తో నా కుడి స్లీవ్ పట్టుకున్నారు. మోచేతి దగ్గర కాదు, మణికట్టు దగ్గర, గుడ్డని గుప్పిట్లో బిగించి. అంతే, ఆ క్షణం నుంచి నాకు కుడిచెయ్యి లేనట్టే. ఊడదీసుకోవడానికి రెండు చేతులూ వాడాను, అప్పుడు మెడ దగ్గర ఖాళీ దొరికింది. ఆయన కుడిచెయ్యి నా భుజం మీదుగా వెళ్ళి వీపు పైభాగంలో గీని (జూడో కోటుని) పట్టుకుంది. మోచెయ్యి నా ఛాతీకి ఆనింది. ఆయన లాగలేదు, ఊరికే ఆ చేతిని అక్కడ ఉంచారు. ఒక మనిషి బరువు మెడ మీద వేలాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిమిషం గడిచేసరికి నా చూపు నా బెల్టు ముడి మీద ఉంది. లేవాలని తల పైకెత్తాను. అప్పుడే వెనక్కి పడ్డాను, ఒసోతో గారి, అంటే కాలు వెనక నుంచి ఊడ్చి వెనక్కి పడేసే విసురు. ఆయనకి చెమట కూడా పట్టలేదు.

అందులో పెద్ద రహస్యమేమీ లేదు. వంగిపోయినవాడు రెండే పనులు చేయగలడు. నిటారుగా లేవబోతాడు, అప్పుడు బరువు మడమల మీదికి వెళ్తుంది, ఒసోతో గారికి దొరుకుతాడు. లేదా ముందుకి తోసుకొస్తాడు, అప్పుడు ఉచిమాతాకో హరాయ్ గోషికో (రెండూ ముందుకి విసిరేసేవే) దొరుకుతాడు. రెండూ చెయ్యకుండా అలాగే వంగి ఉంటే రెఫరీ 'డిఫెన్సివ్' అని షిడో (పెనాల్టీ) ఇస్తాడు. మూడు షిడోలైతే ఆట పోయినట్టే. పట్టు దొరికినవాడికి ఈ మూడు దారులూ లాభమే.

రీనర్ ఆట మొత్తం ఇదే, పైన చెప్పిన పెద్దాయన కన్నా వందరెట్లు వేగంగా, వందరెట్లు బలంగా. ఎడమచేత్తో స్లీవ్, కుడిచేత్తో మెడ వెనక. ఆ రెండో చెయ్యి పడిందంటే ఎదుటివాళ్ళ ముఖం మారిపోవడం వీడియోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ప్రపంచంలో మంచి మంచి ఆటగాళ్ళు కూడా అతనితో ఆడేటప్పుడు మొదటి నిమిషమంతా ఆ కుడిచేతిని తప్పించుకోవడానికే ఖర్చు పెడతారు. తప్పించుకుంటూ పోతే దానికీ షిడో ఉంది మరి.

"కాళ్ళు పట్టుకోవడం నిషేధించారు కాబట్టే పొడుగువాళ్ళకి రాజ్యం వచ్చింది" అని ఒక వాదన వింటుంటాం. సగం నిజం. పొట్టివాడు వంగి రెండు కాళ్ళూ పట్టుకుని లేపెయ్యడం పూర్వం హెవీవెయిట్లకి పెద్ద బెడద. 2010 నుంచి దాన్ని కట్టడి చేశారు, 2013లో నడుము కింద చెయ్యి వెయ్యడమే పూర్తిగా మానిపించారు. రీనర్‌కి అది కలిసొచ్చిందనడంలో నాకు అనుమానం లేదు. కానీ తేదీలు చూడండి. అతని మొదటి ప్రపంచ టైటిల్ 2007 రియో, తర్వాత 2008లో ఓపెన్ విభాగం (బరువు పరిమితి లేనిది), 2009లో రోటర్‌డామ్. మూడూ ఆ నిషేధానికి ముందువే.

ఆ 2007 సంగతి కొంచెం చెప్పాలి. అతను పుట్టింది 1989 ఏప్రిల్‌లో, కరీబియన్‌లోని ఫ్రెంచ్ దీవి గ్వాడెలూప్‌లో. పెరిగింది పారిస్‌లో. రియోకి వెళ్ళేసరికి పద్దెనిమిదేళ్ళు. దారిలో కోసెయి ఇనోవె ఎదురయ్యాడు. 2000 ఒలింపిక్ చాంపియన్, వంద కిలోల విభాగంలో మూడుసార్లు ప్రపంచ విజేత, జూడో తెలిసిన ఎవరికైనా ఆయన ఉచిమాతా అంటే దండం పెట్టాలనిపిస్తుంది. ఆయన్ని దాటుకుని, ఫైనల్లో రష్యాకి చెందిన తమెర్లాన్ త్మెనోవ్‌ని ఓడించి ఈ కుర్రాడు చాంపియన్ అయ్యాడు. ఇనోవెతో ఆటలో రెఫరీ నిర్ణయం మీద అప్పట్లో చాలా గొడవ జరిగింది. మా తరం వాళ్ళం ఇనోవె పక్షమే, ఇప్పటికీ.

మరుసటి ఏడాది బీజింగ్‌లో నేల మీదికి దిగొచ్చాడు. క్వార్టర్‌ఫైనల్లో ఉజ్బెకిస్తాన్‌కి చెందిన అబ్దుల్లో తంగ్రియెవ్ ఓడించాడు, చివరికి కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ళకి ఒలింపిక్ కాంస్యం అంటే ఎవరికైనా పండగే, అతనికి కాదు.

నాకు మాత్రం అతని కెరీర్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన ఓటమి 2010 సెప్టెంబరులో టోక్యోలో జరిగింది. ఆ ప్రపంచ పోటీల్లో ప్లస్ హండ్రెడ్ గెలిచాడు. తర్వాత ఓపెన్ విభాగం ఫైనల్లో జపాన్ కుర్రాడు దయికి కమికావా ఎదురుపడ్డాడు. ఎవరూ స్కోరు చెయ్యలేదు, గోల్డెన్ స్కోర్ (ముందు స్కోరు చేసినవాడు గెలిచే అదనపు సమయం) కూడా అలాగే అయిపోయింది. అప్పట్లో అలాంటప్పుడు రెఫరీలు జెండాలు ఎత్తేవాళ్ళు. హంతెయి అంటారు. తెల్ల జెండానా, నీలం జెండానా. జెండాలు కమికావా వైపు లేచాయి. ఎవరు ఎక్కువ దాడి చేశారన్నది చూసేవాళ్ళ కళ్ళని బట్టి ఉంటుంది, ఆ నిర్ణయం మీద ఇప్పటికీ రెండు వాదనలున్నాయి. ఆ హంతెయి పద్ధతిని 2013లో ఎత్తేశారు, ఇప్పుడు ఎవరో ఒకరు తేలేదాకా గోల్డెన్ స్కోర్ సాగుతూనే ఉంటుంది.

ఆ రోజు నుంచి 2020 ఫిబ్రవరి దాకా రీనర్ ఒక్క ఆట కూడా ఓడలేదు. 154 ఆటలు. తొమ్మిదేళ్ళ పైచిలుకు.

ఈ మధ్యలో గెలిచినవన్నీ చెబితే జాబితా అయిపోతుంది, త్వరగా కానిచ్చేస్తాను. 2011 పారిస్, 2013 రియో, 2014 చెల్యాబిన్స్క్, 2015 అస్తానా, 2017 బుడాపెస్ట్ ప్రపంచ టైటిళ్ళు. 2017 నవంబరులో మరాకేష్‌లో ఓపెన్ విభాగం, అది పదోది. 2012 లండన్, 2016 రియో ఒలింపిక్ స్వర్ణాలు. ఐదు యూరోపియన్ టైటిళ్ళు కూడా ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడనే మాట్లాడరు.

మీరు అడగలేదు కానీ, ఇక్కడ ఒక ఫిర్యాదు తరచూ వింటాను. "రీనర్ ఆట బోర్, షిడోలతో గెలుస్తాడు" అని. లండన్ ఫైనల్లో రష్యాకి చెందిన మిఖాయ్‌లిన్ మీద, 2016 రియో ఫైనల్లో జపాన్‌కి చెందిన హరసావా మీద గెలుపు షిడోలతోనే వచ్చింది. రియోలో జనం ఈలలు వేసి గోల చేశారు. చూడటానికి ఆ ఫైనల్ నాకూ నచ్చలేదు. ఐదు నిమిషాల పాటు ఇద్దరు పెద్ద మనుషులు ఒకరి చెయ్యి ఒకరు విదిలించుకోవడం చూడాలని ఎవరు టికెట్ కొంటారు? కానీ ఒకసారి హరసావా స్థానంలో నిలబడి చూడండి. అవతలివాడికి కుడిచెయ్యి ఇస్తే విసిరేస్తాడు, ఇవ్వకపోతే షిడో. ఏం చేసినా నష్టమే అన్న స్థితికి తేవడమే రీనర్ పనితనం. ఆ పని చూడటానికి అందంగా ఉండదు, అంతే.

ఇక రెండో విషయం, ఆడకుండా ఉండటం. ఇది బయటివాళ్ళకి కనపడదు.

హెవీవెయిట్లకి ఒక వింత సమస్య ఉంది. మిగతా విభాగాల వాళ్ళు బరువు కొలిచే రోజు దగ్గరపడేకొద్దీ నీళ్ళు మానేసి, స్వెట్ సూట్లు వేసుకుని పరుగెత్తి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. మాకు ఆ టెన్షన్ లేదు. అందరూ దాన్ని చూసి కుళ్ళుకుంటారు. కానీ పైన గీత లేకపోవడం వల్ల ఆపేవాళ్ళూ ఉండరు. దెబ్బ తగిలి రెండు నెలలు పడుకుంటే పది కిలోలు ఎక్కడి నుంచి వస్తాయో తెలియదు. ఆ పది కిలోలూ ముందు మోకాళ్ళ మీద, తర్వాత ఊపిరి మీద పడతాయి. విరామాల్లో తన బరువు బాగా పెరిగిపోయిందని రీనర్ కూడా బాహాటంగానే చెప్పుకున్నాడు. ప్రతిసారీ దాన్ని దించుకుని రావడమే అతనికి సగం ట్రైనింగ్.

మరాకేష్ తర్వాత అతను పోటీల నుంచి తప్పుకుని 2019 వేసవి దాకా కనపడలేదు. 2018, 2019 ప్రపంచ పోటీలు రెండూ వదిలేశాడు. తర్వాత 2021, 2022 కూడా. ఏటా టైటిల్ నిలబెట్టుకోవాలన్న పట్టుదల ఉన్నవాడికి ఇది మింగుడుపడదు. ఇరవై ఎనిమిదేళ్ళ చాంపియన్ ఏడాదిన్నర పైన ఇంట్లో కూర్చుంటే అభిమానులు "అయిపోయాడు" అంటారు, అన్నారు కూడా. ఆ విరామాలు లేకపోతే ముప్ఫై అయిదేళ్ళకి ఒలింపిక్ ఫైనల్ ఆడే మోకాళ్ళు మిగిలేవి కావని నా నమ్మకం.

కాకపోతే దానికి కట్టాల్సిన మూల్యం ఉంది. జూడో ర్యాంకింగ్ పాయింట్లతో నడుస్తుంది. టోర్నీలు ఆడకపోతే పాయింట్లు రావు, పాయింట్లు లేకపోతే డ్రాలో (ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే పట్టికలో) మంచి చోటు దొరకదు, సెమీస్‌లో ఎదురవ్వాల్సినవాడు ముందే ఎదురవుతాడు. టోక్యో ఒలింపిక్స్‌లో అప్పటి ప్రపంచ నెంబర్ వన్, రష్యాకి చెందిన తమెర్లాన్ బషాయెవ్ అతనికి క్వార్టర్‌ఫైనల్లోనే తగిలాడు. గోల్డెన్ స్కోర్‌లో రీనర్ ఓడిపోయాడు. వరసగా మూడో వ్యక్తిగత స్వర్ణం అక్కడితో చేజారింది.

పరంపర మాత్రం దానికి ఏడాదిన్నర ముందే తెగింది. 2020 ఫిబ్రవరి 9, పారిస్ గ్రాండ్ స్లామ్, సొంత జనం మధ్య, మూడో రౌండ్. ఎదురుగా జపాన్‌కి చెందిన కొకొరో కగెఉరా, రీనర్ కన్నా చాలా పొట్టి. గోల్డెన్ స్కోర్‌లో రీనర్ దాడికి వెళ్ళాడు, కగెఉరా దాన్నే తిప్పికొట్టాడు. వజారి, అంటే ఇప్పోన్ కన్నా చిన్న స్కోరు, గోల్డెన్ స్కోర్‌లో అదే చాలు. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. నేను ఆ వీడియోని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కుర్రాళ్ళకి చూపిస్తూ ఉంటాను. కగెఉరా ఆ ఆట మొత్తం చేసింది ఒకటే, రీనర్ కుడిచెయ్యి మెడ మీద స్థిరపడకుండా చూసుకోవడం. పట్టు సగం సగంగా ఉండగానే రీనర్ ఓపిక పోగొట్టుకుని లోపలికి వెళ్ళాడు. పట్టు లేకుండా దాడి చేస్తే 140 కిలోలైనా గాలిలో తేలిపోతాయి. "సైజు చాలు" అనేవాళ్ళకి దీన్ని మించిన సమాధానం నా దగ్గర లేదు. ఆ కగెఉరా గాలివాటంగా గెలిచినవాడూ కాదు, మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఓడాక రీనర్ కోపగించుకోలేదు, ఒక రకంగా భారం దిగిందన్నట్టే మాట్లాడాడు. 154 అనే అంకెని మోసుకు తిరగడం ఎంత బరువో మనకి తెలియదు కదా.

టోక్యోకి మళ్ళీ వస్తే, బషాయెవ్ చేతిలో ఓడిన మనిషి అదే రోజు తిరిగి తతామి మీదికి వచ్చి కాంస్యం గెలిచాడు, హరసావాని ఓడించి. మరుసటి రోజు ఆడా మగా కలిసి ఆడే మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో జపాన్ మీద ఫ్రాన్స్ 4-1తో గెలిచింది. అందులో అతను వంద కిలోల ఒలింపిక్ చాంపియన్ ఆరన్ వోల్ఫ్‌ని ఓడించాడు. జూడో పుట్టిన దేశంలో, టోక్యోలోని బుడోకాన్ హాల్లో. కుర్రాళ్ళకి నేను కాంస్యం ఆట గురించే ఎక్కువ చెబుతాను. పొద్దున కల చెదిరిపోయి, సాయంత్రం మూడో స్థానం కోసం గీ బెల్టు మళ్ళీ కట్టుకోవడం ఎంత కష్టమో ఓడినవాళ్ళకే తెలుస్తుంది. నేను నా జీవితంలో రెపచాజ్ (ఓడినవాళ్ళకి కాంస్యం కోసం ఇచ్చే రెండో అవకాశం) ఆటలు రెండుసార్లు కావాలనే వదిలేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

2023 దోహా సంగతి దాటెయ్యలేను. పదకొండో ప్రపంచ టైటిల్ అక్కడే వచ్చింది. కానీ ఫైనల్లో రష్యన్ ఆటగాడు ఇనాల్ తసోయెవ్ చేసిన ఒక ఎదురుదాడికి స్కోరు ఇవ్వాల్సింది, ఇవ్వలేదు. తర్వాత అంతర్జాతీయ సమాఖ్య తప్పు ఒప్పుకుని తసోయెవ్‌కి కూడా స్వర్ణం ఇచ్చింది. రీనర్ అభిమానులు దీన్ని చిన్నగా చెబుతారు, గిట్టనివాళ్ళు దీన్నొక్కదాన్నే చెబుతారు. నా లెక్కలో ఆ రోజు మెరుగ్గా ఆడింది తసోయెవ్. అంతమాత్రాన మిగతా పది చెరిగిపోవు.

ఇక పారిస్ 2024. జూలై 26న ఫ్రెంచ్ పరుగుల రాణి మరీ-జోస్ పెరెక్‌తో కలిసి ఒలింపిక్ జ్యోతి వెలిగించాడు. వారం తర్వాత, ఆగస్టు 2న, అదే మనిషి ఈఫిల్ టవర్ పక్కనున్న షాం-ద-మార్స్ అరీనాలో ఆడాలి. ఆ ఒత్తిడి ఎలాంటిదో చెప్పడం నా వల్ల కాదు. క్వార్టర్స్‌లో జార్జియాకి చెందిన గురామ్ తుషిష్‌విలి ఓడిపోయాక కూడా గొడవకి దిగి రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు. ఫైనల్లో కొరియాకి చెందిన కిమ్ మిన్-జోంగ్, అంతకు రెండు నెలల ముందే ప్రపంచ చాంపియన్ అయినవాడు, రీనర్ కన్నా పదేళ్ళు పైగా చిన్న. చాలాసేపు ఎటూ తేలలేదు. కిమ్ అలిసి పట్టు వదులు చేసిన ఒక్క క్షణంలో హరాయ్ గోషి. ఇప్పోన్, అంటే ఆటని అక్కడికక్కడే ముగించే పూర్తి పాయింటు. రియోలో బోర్ కొట్టిందన్నవాళ్ళకి అది బాకీ తీర్చినట్టయింది.

మర్నాడు టీమ్ ఫైనల్, మళ్ళీ జపాన్. ఈసారి ప్లస్ నైంటీలో (టీమ్ పోటీలో మగవాళ్ళకి అన్నిటికన్నా పై విభాగం) జపాన్ తరఫున తత్సురు సయితో. ఆ ఇంటిపేరు పాతవాళ్ళకి వెంటనే తగులుతుంది. అతని తండ్రి హితోషి సయితో 1984లోనూ 1988లోనూ హెవీవెయిట్ ఒలింపిక్ చాంపియన్. సియోల్‌లో జపాన్‌కి జూడోలో వచ్చిన ఒకే ఒక్క స్వర్ణం ఆయనదే. 2015లో పోయారు. కొడుకు మంచి ఆటగాడు, కానీ రీనర్ అతన్ని ఓడించాడు. అయినా జపాన్ 3-1తో ముందుంది. ఫ్రాన్స్ కుర్రాడు జోన్-బెంజమిన్ గబా ఏకంగా 66 కిలోల ఒలింపిక్ చాంపియన్ హిఫుమి అబెని ఓడించడంతో ఆట తిరిగింది, చివరికి 3-3. అప్పుడు ఏ విభాగం మళ్ళీ ఆడాలో స్క్రీన్ మీద చక్రం తిప్పి తేలుస్తారు. చక్రం ఆగింది ప్లస్ నైంటీ దగ్గర. జనం పైకప్పు లేచిపోయేలా అరిచారు, కుట్ర అన్నవాళ్ళూ ఉన్నారు. సరే, వాళ్ళ ఓపిక.

మళ్ళీ రీనర్, మళ్ళీ సయితో, ముందు స్కోరు చేసినవాడిదే గెలుపు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ముందు రోజు నాలుగు ఆటలు, ఈ రోజు కూడా ఆడి ఉన్నాడు. ఆ ఆట చూడండి, బరువు గురించి ఇక నేనేమీ చెప్పక్కర్లేదు. సయితో కూడా బరువులో తక్కువేం కాదు. ఇద్దరూ అలిసిపోయారు. అలిసిపోయాక కూడా రీనర్ చేతులు వెళ్ళాల్సిన చోటికే వెళ్తున్నాయి, సయితో చేతులు దొరికిన చోట పట్టుకుంటున్నాయి. తేడా అంతే. చివరికి సయితో వీపు తతామికి తగిలింది. దాంతో రీనర్‌కి ఒలింపిక్ స్వర్ణాలు ఐదు, కాంస్యాలు రెండు. 2028 లాస్ ఏంజిలిస్ కూడా మనసులో ఉందని చెప్పాడు. అప్పటికి ముప్ఫై తొమ్మిది. నాకు నమ్మకం లేదు, కానీ 2018లో కూడా నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి.

నాకు సరిగ్గా అతని వయసులో ఒక కోచ్ ఇదే మాట చెప్పాడు. పేరెందుకులెండి. "నువ్వు నూటపదిలో ఉన్నావు, నూటముప్ఫై చెయ్యి, ఎవరూ కదపలేరు." చేశాను. ఎనిమిది నెలల్లో చేశాను. కదపలేకపోయారు, అది నిజమే, నేను కూడా కదల్లేకపోయాను. పట్టు తియ్యడానికి అవతలివాడి చేతికన్నా ముందు నా చెయ్యి వెళ్ళాలి, ఆ అరసెకను ఆ ఇరవై కిలోలతో పోయింది. ఆపైన ఒక ఉచిమాతాలో ఎడమ మోకాలి మీద తిరిగాను, చప్పుడు నాకే వినపడింది. ఆ కోచ్ కనీసం పలకరించడానికి కూడా రాలేదు.

పదిహేడేళ్ళ పిల్లాడి బరువు ఎలాగూ పెరుగుతుంది, వద్దన్నా పెరుగుతుంది. దాన్ని గమ్యంగా పెట్టుకోనక్కర్లేదు. 118 కిలోలతో ప్లస్ హండ్రెడ్‌లో హాయిగా ఆడొచ్చు. ఈ రెండేళ్ళూ తనకన్నా తేలికైనవాళ్ళతో, 81 కిలోల వాళ్ళతో, 90 కిలోల వాళ్ళతో ఎక్కువ రండోరి చెయ్యమనండి. వాళ్ళు చేతులు ఎంత వేగంగా కదుపుతారో ఒంటికి తెలియాలి. బరువు కోసమే బరువు పెంచమంటే, ఏ పోటీకి, ఎంతకాలంలో, మోకాళ్ళకీ ఊపిరికీ ఏం చేయిస్తారు అని కోచ్‌ని సూటిగా అడగండి. సమాధానం చెప్పగలిగితే మంచి కోచే. విసుక్కుంటే ఇంకొకరిని చూసుకోండి. మీరు అన్నగారు కాబట్టి ఆ మాట మీరు అడిగితేనే బాగుంటుంది, కుర్రాడు అడిగితే ఎదురు చెప్పాడంటారు.

ఇంకొక్క పని. రీనర్, కగెఉరా 2020 ఆట ఒకటి, పారిస్ 2024 టీమ్ ఫైనల్లో చక్రం తిప్పాక జరిగిన ఆట ఒకటి, రెండూ వెతికి పెట్టండి. కామెంటరీ మ్యూట్ చేసి, కాళ్ళు కనపడకుండా స్క్రీన్ కింది సగం అట్టముక్కతో మూసేసి చూడమనండి. రీనర్ ఎడమచెయ్యి స్లీవ్‌ని ఎన్నిసార్లు పట్టింది, ఎన్నిసార్లు జారింది, కుడిచెయ్యి మెడ వెనక ఎన్ని సెకన్లు నిలిచింది, కాగితం మీద రాయమనండి. రాసింది ఇక్కడ పెట్టండి, నా లెక్క కూడా నా దగ్గరుంది, పోల్చి చూద్దాం.